అన్యొరార్: ‘తెలియదు’ అనే మాట ‘బెంగ’గా ఎలా మారింది?

పుటల_పురుగు

స్పానిష్ అనువాద అభ్యాసంలో ఒక వాక్యం దగ్గర బండి ఆగిపోయింది. తెలుగు లిపిలో ఇస్తున్నాను:

“అన్యొరాబా లా కాసా దె సు అబువేలా, పెరో ఆ కియెన్ ఎచాబా దె మేనొస్ ఎరా ఆ లా అబువేలా.”

మొదటి సగం అమ్మమ్మ ఇంటి గురించి, రెండో సగం అమ్మమ్మ గురించి. మొదటి దాంట్లో క్రియ అన్యొరార్, రెండో దాంట్లో ఎచార్ దె మేనొస్. నా దగ్గరున్న నిఘంటువు రెండింటికీ ‘మిస్ అవ్వడం’ అనే రాసి చేతులు దులుపుకుంది. తెలుగులో రెండుచోట్లా అదే పెడితే వాక్యం చచ్చిపోతుంది.

ఇంకో సందేహం. అన్యొరార్ వ్యుత్పత్తి కింద లాటిన్ ‘ఇగ్నొరారె’ అని ఉంది. దాని అర్థం తెలియకపోవడం. తెలియకపోవడానికీ, తలుచుకుని కుమిలిపోవడానికీ ఏమిటి చుట్టరికం? ‘ఆన్యో’ అంటే సంవత్సరం కదా, ఏళ్ల తరబడి తలుచుకోవడం అన్యొరార్ అనుకుంటే సరిపోదా? నాకైతే అదే కుదురుగా కనిపిస్తోంది.

---

వేరుకాయ

కుదురుగా కనిపించడమే ఇలాంటి వ్యుత్పత్తులతో వచ్చే చిక్కు. ఆన్యోకీ దీనికీ సంబంధం లేదు. ఎందుకో వరసగా చూద్దాం.

స్పానిష్‌లో ఎన్యే అక్షరం (నెత్తిన అలగీత ఉండే న) ఒకే చోట నుంచి పుట్టలేదు. మూడు దారులున్నాయి.

మొదటిది లాటిన్ జంట న్న. అన్నుస్ నుంచి ఆన్యో. అసలా అలగీత కూడా రాతగాళ్లు రెండో న్‌ను పైన చిన్నగా గీసిన గుర్తే.

రెండోది గ్న్. పుగ్నుస్ (పిడికిలి) నుంచి పూన్యో, లిగ్న (కట్టెలు) నుంచి లేన్యా, కొగ్నాతుస్ (రక్తబంధువు) నుంచి కున్యాదో, అంటే బావ లేదా బావమరిది.

మూడోది న్ తర్వాత ఇ, ఎ వచ్చి వెంటనే ఇంకో అచ్చు తగిలితే. హిస్పానియా నుంచి ఎస్పాన్యా.

ఆన్యోలో ఉన్నది మొదటి దారి ఎన్యే, అన్యొరార్‌లో ఉన్నది రెండో దారిది. చూపుకి కవలలు, పుట్టుకలో ఏ సంబంధమూ లేదు.

పైగా అన్యొరార్ స్పానిష్ సొంత మాట కాదు. స్పెయిన్ ఈశాన్యంలో, బార్సిలోనా వైపు మాట్లాడే కాటలాన్ భాష నుంచి వచ్చిన అరువు. కాటలాన్‌లో దాని రాత ‘ఎన్యొరార్’, మొదటి అక్షరం ఎ. అదే భాషలో సంవత్సరాన్ని ‘అన్య్’ అంటారు, మొదటి అక్షరం అ. సంవత్సరం నుంచి పుట్టి ఉంటే ఆ ఎ ఎక్కడిది? ‘ఆన్యో’కి ‘-ఒరార్’ తగిలించి క్రియ చేసే పద్ధతి కూడా స్పానిష్‌లో లేదు. ఆ సిద్ధాంతం కథ ఇంతటితో సరి.

---

పుటల_పురుగు

సరే, ఆన్యోని వదిలేశాను. కానీ గ్న్ నుంచి ఎన్యే రావడం స్పానిష్‌లోనూ జరిగిందని మీరే అంటున్నారు. అలాంటప్పుడు ఇగ్నొరారె నేరుగా స్పానిష్‌లోనే అన్యొరార్ అయి ఉండొచ్చుగా? మధ్యలో కాటలాన్‌ని ఎందుకు లాగడం?

---

లంకగ్రామం

మంచి ప్రశ్న. ధ్వని మార్పు ఒక్కటే చూస్తే అది అసాధ్యమేం కాదు. అడ్డొచ్చేది కాలం.

మీరే పరీక్షించుకోవచ్చు. స్పానిష్ రాయల్ అకాడమీ వాళ్ల దగ్గర పాత నిఘంటువులన్నీ ఒక్కచోట వెతికే సదుపాయం ఉంది. అందులో ఈ మాట కొట్టండి. 1611 నాటి కొవార్రూబియాస్ నిఘంటువులో ఉండదు. 1726 నుంచి 1739 దాకా అకాడమీ ఆరు సంపుటాలుగా వేసిన మొదటి నిఘంటువులోనూ ఉండదు. 19వ శతాబ్దపు చివరికొస్తే గాని తగలదు. ఆ తర్వాత అకాడమీ వారి చారిత్రక పాఠకోశం ‘కోర్దె’కి వెళ్లండి. మొదలు నుంచి 1974 దాకా వచ్చిన రాతలు అందులో ఉన్నాయి.

వెతికేటప్పుడు ఒక పొరపాటు మామూలుగా జరుగుతుంది. పాత రాతప్రతుల్లో ఎన్యే బదులు జంట న్న ఉంటుంది. ఒక్క ఎన్యేతోనే వెతికి ‘పాతకాలంలో ఈ మాట లేదు’ అని తేల్చేస్తే అది సగం పరీక్షే. జంట న్న రాతతో కూడా వెతికి, వచ్చిన ప్రతి వాక్యం చదవాలి. క్రియ మొదటి నాలుగైదు అక్షరాలు ఇచ్చి చివర నక్షత్రం గుర్తు పెడితే అన్ని కాలాల రూపాలూ వస్తాయి.

కాటలాన్‌లో సంగతి వేరు. ఎన్యొరార్ మధ్యయుగం నుంచీ వాడుకలో ఉంది. చుట్టూ దాని సంతానం కనిపిస్తుంది: ఎన్యొరాన్సా, ఎన్యొరామెన్, ఎన్యోర్. ఒక భాషలో కుటుంబంతో సహా శతాబ్దాలుగా కాపురమున్న మాట, పక్క భాషలో మొన్న మొన్న ఒంటరిగా దిగితే, ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో వేరే చెప్పనక్కర్లేదు. రాయల్ అకాడమీ నిఘంటువే ‘కాటలాన్ ఎన్యొరార్ నుంచి, అది లాటిన్ ఇగ్నొరారె నుంచి’ అని రాస్తుంది.

ఎ కాస్తా అ ఎందుకైందని అడుగుతారు. బార్సిలోనా వైపు కాటలాన్‌లో ఊనిక లేని (ఒత్తి పలకని) ఎ, అ రెండూ కలిసిపోయి ఒకటే మెత్తని ధ్వని అవుతాయి. మన తెలుగు ‘అ’ దానికి చాలా దగ్గర. ఊనిక లేని ఒ కాస్తా ఉ అవుతుంది, క్రియ చివరి ర్ పలకరు. కాబట్టి రాసేది ఎన్యొరార్, బార్సిలోనా వీధిలో వినపడేది ‘అన్యురా’. స్పానిష్ చెవికి ఆ మొదటి అచ్చు అ లాగే వినిపిస్తుంది. ఎన్యొరాన్సా స్పానిష్‌లోకి వచ్చి అన్యొరాన్సా కావడం కూడా ఇలాగే.

ఇంకో సంగతి. ఇగ్నొరారె స్పానిష్‌లోకి విడిగా మరోసారి వచ్చింది. పండితులు లాటిన్ పుస్తకాల్లోంచి గ్న్ చెక్కుచెదరకుండా దించుకున్నారు, అదే ‘ఇగ్నొరార్’. తెలియకపోవడం, పట్టించుకోకపోవడం దాని అర్థాలు. అంటే స్పానిష్‌లో అన్యొరార్, ఇగ్నొరార్ ఒక తల్లి పిల్లలు. ఒకటి జనం నోళ్లలో నలిగి పక్క ఊరి నుంచి వచ్చింది, రెండోది గ్రంథాలయం నుంచి ఇస్త్రీ మడత నలగకుండా వచ్చింది. మనకి సంస్కృతం నుంచి తత్సమం, తద్భవం రెండూ ఉంటాయే, ఇదీ ఆ తరహాయే.

---

కందిపొడి

అంటే మనం రోజూ అనే ‘వాడు నన్ను ఇగ్నోర్ చేస్తున్నాడు’లో ఇగ్నోర్, ఈ అన్యొరార్ అక్కచెల్లెళ్లన్నమాట! ఒకరు చూసీ చూడనట్టు పోతారు, ఒకరు చూడలేక కుమిలిపోతారు.

---

వేరుకాయ

అవును. ఇంగ్లిషు ఇగ్నోర్‌కి కూడా మొదటి అర్థం తెలియకపోవడమే. కావాలని పట్టించుకోకపోవడం అన్న అర్థం 19వ శతాబ్దంలో బలపడింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. తెలియకపోవడం బెంగ ఎలా అయింది? కాటలాన్ వ్యుత్పత్తి శాస్త్రంలో పెద్ద దిక్కు జోన్ కొరోమినెస్ (1905–1997). ఆయన చూపించిన మెట్లు ఇవి: ‘తెలియకపోవడం’, అక్కణ్ణుంచి ‘ఒక మనిషి ఎక్కడున్నాడో తెలియకపోవడం’, ‘దూరమైనవాడి కబురు అందకపోవడం’, చివరికి ‘ఆ మనిషి లేడని బాధపడడం’. ఉత్తరాలు కూడా సరిగ్గా చేరని కాలంలో ఊరు దాటి వెళ్లిన మనిషి గురించి ఇంట్లోవాళ్లకి మొట్టమొదట ఉండేది ‘తెలియకపోవడమే’. ఉన్నాడో లేడో, తిన్నాడో లేదో. బాధ ఆ తెలియకపోవడంలోంచే పుడుతుంది.

తెలుగువాళ్లకి ఇది పట్టుకోవడం తేలిక. ఇగ్నొరారెలో ఉన్న ‘గ్నొ’, సంస్కృతంలో ‘జ్ఞా’ ఒకే మూలధాతువు. ముందున్న ‘ఇ’ (అసలు రూపం ఇన్) మన ‘అజ్ఞానం’లో ‘అ’ లాంటి వ్యతిరేకార్థకమే. లాటిన్‌లో ‘ఇగ్నోతుస్’, సంస్కృతంలో ‘అజ్ఞాత’ ముక్కకి ముక్క సరిపోతాయి, వ్యతిరేక ఉపసర్గ, ధాతువు, చివరి త ప్రత్యయం అన్నీ. పాండవుల అజ్ఞాతవాసం గుర్తు చేసుకోండి. అక్కడ అజ్ఞాతం అంటే ‘ఎక్కడున్నారో తెలియకపోవడం’. ఎన్యొరార్ ఎక్కిన రెండో మెట్టు సరిగ్గా అదే. మనవాళ్లు ఆ మెట్టు మీదే ఆగారు, కాటలాన్ వాళ్లు ఇంకో మెట్టెక్కి గుండెలో దిగులు దాకా వెళ్లారు.

---

ఓరుగల్లు_ఒకడు

అన్నా, మెట్లు మంచిగనే ఉన్నయి. కానీ నడిమి మెట్టుకు సాక్ష్యం ఏది? ‘ఇట్ల జరిగి ఉంటది’ అని ఎవరైనా చెప్తరు. ఇసొంటి మార్పు ఇంకెక్కడన్న అయిందా?

---

వేరుకాయ

లాటిన్‌లోనే పక్కింటి ఉదాహరణ ఉంది తమ్ముడూ, ‘దేసీదెరారె’. దీనికి కోరుకోవడం, లోటు అనిపించడం అని అర్థాలు. కానీ సైన్యం లెక్కల్లో ఇదే క్రియ ‘కనపడకుండా పోయారు’ అన్న అర్థంలో వాడతారు. గాల్ యుద్ధాల మీద జూలియస్ సీజర్ రాసిన దాంట్లో ఏడో పుస్తకం తీయండి. క్రీ.పూ. 52లో గెర్గోవియా దగ్గర ఎదురుదెబ్బ తిన్న రోజు లెక్క రాస్తూ, 700కి కాస్త తక్కువమంది సైనికులు ‘దేసీదెరాతీ’ అంటాడు. సైనికులు కోరబడ్డారని కాదు, రాత్రి హాజరు పిలిస్తే పలకలేదని. ఒకే క్రియలో ఒక కొసన హాజరుపట్టీ, ఇంకో కొసన తపన. మనిషి ఆచూకీ లేకపోవడం, ఆ మనిషి కోసం తపించడం ఒకే మాటలో ఇమడగలవనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలీదు.

ఎన్యొరార్ విషయంలో ధ్వని మార్పుకి ఎక్కడా ఎదురు లేదు, అర్థం మార్పుకి ఇలాంటి తోడు ఉంది. వ్యుత్పత్తిలో ఇంతకన్నా గట్టి కేసులు చాలా తక్కువ.

---

లంకగ్రామం

రెండో క్రియ సంగతి ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. ఎచార్ దె మేనొస్. మాటకి మాట చూస్తే ‘తక్కువలోంచి విసరడం’. అర్థం పర్థం లేదు. ఎందుకంటే ఇది తప్పుగా విన్న మాట.

పాత స్పానిష్‌లో ‘హయార్ మేనొస్’ అనేవారు. ‘హయార్’ కనుగొనడం (రాతలో హ ఉంటుంది గాని పలకరు), ‘మేనొస్’ తక్కువ. లెక్కపెట్టి చూస్తే ఒకటి తక్కువ రావడం. పోర్చుగీసులో దీనికి జోడీ ‘అచార్ మేనొస్’. ఇప్పటి పోర్చుగీసులో దాన్ని ‘అషార్’ అని పలుకుతున్నారు గాని పాత పలుకుబడిలో అక్కడ ఉన్నది చ. స్పెయిన్‌వాళ్ల చెవికి ఆ ‘అచార్’ తమ సొంత ‘ఎచార్’ (విసరడం) లాగా వినిపించింది. అలా ‘ఎచార్ మేనొస్’ అయింది, తర్వాత మధ్యలో ‘దె’ వచ్చి కూర్చుంది. అర్థం పోర్చుగీసుది, బట్టలు స్పానిష్‌వి.

పాత రూపం కళ్లారా చూడాలంటే సెర్వాంటెస్ నవల దోన్ కిహోతె మొదటి భాగం 23వ అధ్యాయం. 1605లోనే వచ్చిన రెండో ముద్రణలో, కథానాయకుడి సేవకుడు సాంచో గాడిద పోయిన ఘట్టం చేర్చారు. తెల్లవారింది, లోకమంతా సంతోషించింది, సాంచోకి మాత్రం ఏడుపొచ్చింది, ఎందుకంటే ‘హయో మేనొస్ సు రూసియో’. రూసియో అంటే అతని బూడిదరంగు గాడిద. ‘గాడిదను తక్కువగా కనుగొన్నాడు’, అంటే లేచి చూస్తే గాడిద లేదు. ఆ మరుక్షణం గుండెలు బాదుకుంటూ ఏడుస్తాడు. లేదని గమనించడం ముందు, ఏడుపు తర్వాత. ఈ మాట నడిచిన దారంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

హయార్, అచార్ రెండూ లాటిన్ ‘అఫ్లారె’ పిల్లలే. దాని అర్థం ఊదడం, శ్వాస తగిలించడం. వేటకుక్క వాసన పట్టి జంతువుని దొరకబుచ్చుకోవడం నుంచి ‘కనుగొనడం’ అయింది. రొమేనియన్‌లో ‘ఆ అఫ్లా’ అంటే తెలుసుకోవడం, అదీ ఈ ఇంటిదే. లాటిన్ ఫ్ల స్పానిష్‌లో య, పోర్చుగీసులో పాత చ అవడం మామూలే. ఫ్లమ్మ (మంట) చూడండి, స్పానిష్‌లో యామా, పోర్చుగీసులో షామ.

---

కందిపొడి

హిందీ ‘అచార్’ తెలిసినవాణ్ణి, నేను ఇంకా ఆవకాయ గురించేమో అనుకుని ఆశగా చదివాను. ఆవకాయ జాడీలో ముక్క తక్కువైనా ఎచార్ మేనొసే కదా.

---

సాయంత్రం_క్లాసు

స్పానిష్ నేర్చుకునేవాళ్లు ఈ క్రియలతో చేసే తప్పులు చెబుతాను. పరీక్షల్లో మార్కులు పోయేది వ్యుత్పత్తి దగ్గర కాదు, ఇక్కడే.

అన్యొరార్ రూపాలు సాధారణ ‘ఆర్’ క్రియల్లాగే నడుస్తాయి: అన్యోరో, అన్యోరాస్, అన్యోరా, అన్యొరామొస్, అన్యొరాయిస్, అన్యోరాన్. రూపాల్లో చిక్కు లేదు. చిక్కు ‘ఆ’ దగ్గర. కర్మ మనిషైతే ముందు ‘ఆ’ పెట్టాలి: ‘అన్యోరో ఆ మి మాద్రె’, అమ్మ గుర్తొచ్చి దిగులుగా ఉంది. కర్మ వస్తువో చోటో అయితే ‘ఆ’ ఉండదు: ‘అన్యోరో మి కాసా’. పురుగు గారి వాక్యంలో ఇంటికి ‘ఆ’ లేదు, అమ్మమ్మకి రెండుసార్లు ఉంది, చూడండి.

వాడుక స్థాయి ఇంకో సంగతి. స్పెయిన్‌లో ఫోన్ సందేశంలో రాసేది ‘తె ఎచో దె మేనొస్’. లాటిన్ అమెరికాలో ‘తె ఎక్స్‌త్రాన్యో’. ‘తె అన్యోరో’ అని పంపితే పద్యం రాసి పంపినట్టుంటుంది. తప్పు కాదు, కానీ అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగి చూస్తారు.

కాటలాన్‌లో ‘ఎన్యొరార్-సె’ అని ఆత్మార్థకం ఉంది. పిల్లాడు కొత్త ఊళ్లో బెంగపెట్టుకున్నాడంటే ‘ఎల్ నెన్ సెన్యోరా’. కర్మ అక్కర్లేదు, బెంగ ఒక్కటే చాలు. స్పానిష్‌లో ఈ రూపం పెట్టకండి, అక్కడ అన్యొరార్‌కి ఏదో ఒక కర్మ కావాలి. కాటలాన్ నుంచి మాట వచ్చింది గాని ఆ వ్యాకరణం రాలేదు.

అన్నిటికంటే ఎక్కువమంది పడే గుంట అన్హెలార్. రాతలో హ ఉన్నా ‘అనెలార్’ అని పలకాలి. లాటిన్‌లో దీని అర్థం రొప్పడం, ఆయాసపడడం. అన్హెలార్ ఇంకా చేతికి రానిదాని కోసం, అన్యొరార్ ఒకప్పుడు ఉండి పోయినదాని కోసం. ‘అనేలా లా లిబెర్తాద్’ అంటే స్వేచ్ఛ కోసం తహతహలాడుతున్నాడు, ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. ‘అన్యోరా లా లిబెర్తాద్’ అంటే ఒకప్పుడు స్వేచ్ఛగా బతికాడు, ఇప్పుడది లేదు. రాజకీయ వ్యాసం అనువాదంలో ఈ రెండూ తారుమారైతే ఆ మనిషి చరిత్రే మారిపోతుంది.

---

పుటల_పురుగు

ఎక్స్‌త్రాన్యార్ కూడా పాఠంలో ఉంది మేడమ్, కానీ అక్కడ ఆశ్చర్యపోవడం అని ఇచ్చారు. మీరేమో బెంగ అంటున్నారు.

---

సాయంత్రం_క్లాసు

రెండూ నిజమే. లాటిన్ ఎక్స్‌త్రానెయుస్ అంటే బయటివాడు, పరాయి. అక్కణ్ణుంచి ఎక్స్‌త్రాన్యో, వింతైన. (వేరుకాయ గారి మూడో దారి ఎన్యే ఇది.) కాబట్టి క్రియకి మొదట ‘వింతగా అనిపించడం’. రాయల్ అకాడమీ నిఘంటువు ఇంకో అర్థం ఇస్తుంది, వంతెన అక్కడే ఉంది: వాడే వస్తువులో కొత్తదనం తగిలి అలవాటైనదాని లోటు తెలియడం. దానికిచ్చిన ఉదాహరణ మంచం గురించి, మంచం ఎక్స్‌త్రాన్యార్ అయి సరిగా నిద్రపోలేదని. మనమూ ‘కొత్త చోటు కదా, నిద్ర పట్టలేదు’ అంటాం. కొత్తది పరాయిగా అనిపించడానికీ, పాతది కావాలనిపించడానికీ మధ్య ఉన్నది ఒక దుప్పటి మందం. లాటిన్ అమెరికా ఆ దుప్పటి తీసేసి నేరుగా మనిషి మీద పెట్టింది: తె ఎక్స్‌త్రాన్యో.

వాక్యంలో తేడా పట్టడం ఇలా: క్రియ తర్వాత ‘కె’తో ఉపవాక్యం వస్తే ఆశ్చర్యం. ‘మె ఎక్స్‌త్రాన్యా కె నో యామె’, ఫోన్ చేయకపోవడం వింతగా ఉంది. మనిషి కర్మగా వస్తే, పైగా మాట్లాడేది మెక్సికో మనిషో అర్జెంటీనా మనిషో అయితే, బెంగ. ‘మె ఎక్స్‌త్రాన్యా మి ఎర్మానో’ అని ఒక్కటే ఉంటే రెండు రకాలుగానూ చదవొచ్చు: ‘మా అన్న తీరు నాకు వింతగా ఉంది’, ‘మా అన్న నా మీద బెంగపెట్టుకున్నాడు’. ముందూ వెనకా వాక్యాలు చూడకుండా అనువదించకండి.

---

ఓరుగల్లు_ఒకడు

రొమేనియన్ ముచ్చట ఎవ్వరూ ఎత్తుతలేరు. మనకు మస్తు దగ్గరున్నది అదే.

వాళ్ల మాట ‘దోర్’. ‘మీయె దోర్ దె తీనె’ అంటరు. ‘మి’ నాకు, ‘యె’ ఉన్నది, ‘దోర్’ బెంగ, ‘దె తీనె’ నీ గురించి. నాకు నీ మీద బెంగగ ఉన్నది. గంతే. ‘నేను’ అనే కర్తే లేదు. ఇదే అచ్చులో ‘మీయె ఫోఅమె’ నాకు ఆకలైతున్నది, ‘మీయె సేతె’ నాకు దూప, ‘మీయె ఫ్రిగ్’ నాకు చలి. తెలుగోడు రొమేనియన్ నేర్చుకుంటే ఈ పాఠం ఒక్క పూటల అయిపోతది. ఇంగ్లిషోడే తిప్పలు పడాలె.

దోర్ పుట్టింది చివరికాలపు లాటిన్ ‘దొలుస్’ నుంచి, నొప్పి అని. అచ్చుల నడుమ ల రొమేనియన్‌ల ర అయితది: సూర్యుడు ‘సోలెం’ వాళ్లకు సోఅరె, ఆకాశం ‘కేలుం’ వాళ్లకు చెర్. నొప్పి పెట్టుడు ‘ఆ దురేయా’ కూడా ఆ ఇంటిదే. మోసం ఎక్కడుందంటే పోర్చుగీసుల కూడా ‘దోర్’ ఉన్నది, గది ఒట్టి నొప్పి. పన్ను నొప్పికి కూడా అదే. గది ‘దొలోరెం’ నుంచి వచ్చింది, పోర్చుగీసుల అచ్చుల నడుమ ల ఊడిపోతది. ఒక భాషల ల మారింది, ఇంకో భాషల ల పోయింది, రెండూ వచ్చి ఒకే మూడక్షరాల మీద కూసున్నయి.

---

లంకగ్రామం

ఫ్రెంచి, ఇటాలియన్ వాళ్లూ మన దారే. ‘త్యు మ మాంక్’: త్యు నువ్వు, మ నాకు, మాంక్ లోటుగా ఉన్నావు. కర్త దూరమైన మనిషి, బాధపడేవాడు చతుర్థిలో. ఇటాలియన్‌లో ‘మి మాంకి’, అదే కట్టుబడి. లాటిన్ మంకుస్ అంటే అవిటి, చేయి లేనివాడు. నువ్వు లేకపోతే ఒక అవయవం లేనట్టే.

ఇంగ్లిషు మీదుగా ఫ్రెంచి నేర్చుకున్నవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు. ‘నేను నిన్ను’ అని మొదలుపెట్టి ‘జ్ త మాంక్’ అంటారు. దాని అర్థం ‘నీకు నేను లోటు’, అంటే నువ్వే నా మీద బెంగపెట్టుకున్నావని. ఇంగ్లిషు పక్కన పెట్టి తెలుగులో ఆలోచించి ఫ్రెంచిలో రాయండి, తప్పు రాదు.

---

కందిపొడి

సౌదాదె లేకుండా ఈ చర్చ ముగిస్తే పోర్చుగల్‌వాళ్లు ఊరుకోరు.

---

వేరుకాయ

క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాని చుట్టూ పొగ ఎక్కువ. లాటిన్ సోలితాతెం, ఒంటరితనం. అచ్చుల మధ్య ల ఊడి, త కాస్తా ద అయి పాత రూపం ‘సొయిదాదె’. తర్వాత సౌదార్ (పలకరించడం), సఊదె (ఆరోగ్యం) లాంటి మాటల నీడ పడి మొదట్లో ‘సౌ’ వచ్చిందని చెబుతారు. స్పానిష్‌లో అదే సోలితాతెం సోలెదాద్‌గా నిలిచి ఒంటరితనం అయింది.

గుర్తుంచుకోవాల్సింది, సౌదాదె నామవాచకం, దానికి రోజువారీ క్రియ లేదు. ‘తెర్ సౌదాదెస్’, సౌదాదెలు ఉండడం అనాలి. తీర్చుకోవడాన్ని ‘మతార్ సౌదాదెస్’ అంటారు, సౌదాదెలను చంపడం. మనం బెంగ తీర్చుకుంటాం, వాళ్లు చంపుతారు.

‘ఈ మాటకి వేరే ఏ భాషలోనూ సమానం లేదు’ అనే గొప్ప ఇవాళ్టిది కాదు. పోర్చుగల్ రాజు దువార్తె (పాలన 1433–1438) తన నీతిగ్రంథంలో అప్పుడే అలాంటి మాట అన్నాడు. అప్పటికే కాటలాన్‌లో ఎన్యొరార్ ఉంది. రాజుగారు అటువైపు చూడలేదు, అంతే.

‘నోస్తాల్జియా’ని మాత్రం ఈ గుంపులో కలపకండి. 1688లో బాజెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి గ్రీకు ముక్కలు అతికించి రోగానికి పెట్టిన పేరది. నోస్తోస్ ఇంటికి తిరిగి రావడం, అల్గోస్ నొప్పి. జనం నోట పుట్టిన మాట కాదు, చీటీ మీద రాసిన మాట.

---

లంకగ్రామం

ఎన్యొరాన్సా కాటలాన్‌వాళ్ల నోట ఎంతగా నానిందో చూపడానికి ఒక్క పాదం. జసింత్ వర్దగేర్ (1845–1902) వలసపోయేవాడి నోట పెట్టినది: “కి దె తు సల్యూన్య, దెన్యురాన్స ఎస్ మోర్.” నిన్ను వదిలి దూరమయ్యేవాడు బెంగతో చచ్చిపోతాడు. ‘నువ్వు’ అంటే ఇక్కడ కాటలోనియా. పాటకట్టు అమదేవు వివెస్‌ది. స్పానిష్ ఈ మాటను అరువు తీసుకున్నది కూడా అదే శతాబ్దంలో, కాటలాన్ సాహిత్యం మళ్లీ చిగురించిన రోజుల్లో. ఆ పొరుగు ప్రభావమే మాటను సరిహద్దు దాటించిందని నా అభిప్రాయం.

---

పుటల_పురుగు

అందరికీ దండాలు. ఇక అసలు పని, తెలుగు. అన్యొరార్‌కి ‘విరహం’ పెడితే?

---

సాయంత్రం_క్లాసు

వద్దు. విరహం ప్రేమికుల సొత్తు, అమ్మమ్మ ఇంటికి విరహం ఏమిటి, నవ్వుతారు. ‘స్మృతి’, ‘జ్ఞాపకం’లో బాధ లేదు. ‘దిగులు’కి వస్తువు అక్కర్లేదు, మబ్బు పట్టినా దిగులే. ‘బెంగ’కి మాత్రం ‘ఎవరి మీద’ అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అది దాని బలం. అమ్మ మీద బెంగపెట్టుకుని పిల్లాడు జ్వరం తెచ్చుకుంటాడు. పాత కావ్యాల్లో ‘బెంగటిల్లు’ అని క్రియ కూడా ఉంది గాని ఇప్పుడు రాస్తే టీక ఇవ్వాలి.

---

ఓరుగల్లు_ఒకడు

బెంగ జీవం ఉన్న మనిషి మీద బాగుంటది. ఇంటి మీద బెంగ అనొచ్చు గాని, గా వాక్యంల ఇల్లూ అవ్వా పక్కపక్కకే ఉన్నరు. బెంగ అవ్వకు ఉంచు. ఇంటికి ‘యాదికొచ్చుడు’ దిక్కు పో. మా దిక్కైతే ‘యాదికొచ్చి పానం గుంజుతది’ అంటరు.

---

వేరుకాయ

సరిగ్గా చెప్పావు. ఆ వాక్యం రాసినవాడి ఎత్తుగడ కూడా అదే. ఇంటికి పుస్తకాల మాట అన్యొరార్ ఇచ్చాడు, అమ్మమ్మకి ఇంట్లో మాట ఎచార్ దె మేనొస్ ఇచ్చాడు. మొదటిది కాస్త ఎత్తుగా, రెండోది నేలమీద ఉండాలి. ఇంకోటి, ‘పెరో’ (కానీ) తర్వాత ఉన్న విరుపు పోనివ్వకండి. ‘ఆ కియెన్... ఎరా ఆ’ అనే కట్టుబడి పని మనం ‘-ఏ’తో చేస్తాం: అమ్మమ్మ మీదే. ‘ఎవరి మీద బెంగపెట్టుకుందో ఆవిడ అమ్మమ్మ’ అని సాగదీస్తే తెలుగు కాదు. ‘-ఆబా’ రూపం ఒక్కసారి జరిగినదానికి కాదు, అలా జరుగుతూ ఉండేదానికి. కాబట్టి ‘వచ్చింది’ కాదు, ‘వచ్చేది’.

---

పుటల_పురుగు

“అమ్మమ్మ ఇల్లు తలపుకొచ్చి మనసు అటే లాగుతూ ఉండేది. బెంగ మాత్రం అమ్మమ్మ మీదే.”

---

సాయంత్రం_క్లాసు

‘ఉండేది’ తీసేసి ‘లాగేది’ చాలు. పంపించండి.